తెలుగు ఇంటర్వ్యూలను షార్ట్స్‌గా కోసే ఏఐ టూల్స్: కొనేముందు ఏం చూడాలి

రైతులతో చేసిన గంట, గంటన్నర ఇంటర్వ్యూల నుంచి షార్ట్స్ తీయడం నా రోజువారీ పని. ఎవరిని అడిగినా ఓపస్ క్లిప్, విజార్డ్, క్లాప్ అని పేర్లు చెప్తారు. ఇలాంటివి నేనూ కొన్ని వాడాను, ఇప్పటికీ ఒకదానికి డబ్బు కడుతున్నాను. ఏ టూల్ ఎక్కడ తప్పు చేసిందో పేర్లు పెట్టి రాయడం లేదు, ఇవి ఎప్పటికప్పుడు మారిపోతుంటాయి కాబట్టి. కానీ తెలుగు వీడియో ఎక్కిస్తే తడబడే చోట్లు మాత్రం నేను వాడినవాటిలో దాదాపు ఒకటే.

ఇవి వీడియో చూసి మంచి సీన్ పట్టుకుంటాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువ టూల్స్‌లో జరిగేది వేరు. ముందు మాటలన్నిటినీ టెక్స్ట్‌గా మారుస్తాయి, ఆ టెక్స్ట్ చదివి ఆసక్తిగా అనిపించిన ముక్కలు ఎంచుతాయి, తర్వాత ముఖం ఎక్కడుందో చూసి 9:16 నిలువు ఫ్రేములోకి కత్తిరించి కింద క్యాప్షన్ వేస్తాయి. అంటే మాట సరిగ్గా వినకపోతే ఆ తర్వాత చేసేదంతా వృథానే. భాషల జాబితాలో తెలుగు ఉంది కదా అని కార్డు తీయకండి. ట్రయల్‌లో క్లిప్స్ జోలికి పోకముందే ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మాటల నుంచి అది తీసిన టెక్స్ట్, తెరిచి చదవండి. అదీ స్టూడియోలో యాంకర్ మాట్లాడిన భాగం కాదు, మీ వీడియోలో అన్నిటికంటే కష్టమైన పది నిమిషాలు పెట్టండి, గాలి చప్పుడు, యాస, మధ్యమధ్యలో ఇంగ్లిష్ అన్నీ ఉన్నవి. నల్గొండ రైతు 'పత్తి ఏరినంక డీఏపీ ఎందుకు సార్' అంటే అది అలాగే పడిందా లేదా చూడండి. నేను వదిలేసిన టూల్స్‌లో ఎక్కువ భాగం ఇక్కడే పోయాయి.

దీనికంటే ప్రమాదమైనది కోత. ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన 'యూరియా ఎంత ఎక్కువేస్తే అంత దిగుబడి వస్తది అని అందరూ అనుకుంటరు, అది తప్పు' అన్నారు. టూల్ ఇచ్చిన క్లిప్ 'దిగుబడి వస్తది' దగ్గర ఆగిపోయింది. మన భాషలో కాదు, కూడదు, అనుకుంటారు అన్నీ వాక్యం చివరే వస్తాయి, చివర తెగితే మొత్తం అర్థమే తిరగబడుతుంది. ఆ క్లిప్‌కి వైరల్ స్కోరు, అంటే ఎంత పాకుతుందో టూల్ వేసే అంచనా మార్కు, మాత్రం బ్రహ్మాండంగా ఇచ్చింది. అది అలాగే పోస్ట్ అయి ఉంటే నమ్మి ఇంకో బస్తా వేసే రైతు ఉంటాడు, ఆ మాట ఆ పెద్దాయన పేరు మీద తిరుగుతుంది. అందుకే నా దృష్టిలో ఆటో పోస్ట్ అనే ఆప్షన్ ఉన్నా లేనట్టే, స్కోరు ఎంత వచ్చినా ప్రతి క్లిప్‌నీ చివరిదాకా విని, ఆ తర్వాతి వాక్యం కూడా విన్నాకే బయటికి వదలాలి. క్లిప్ చివరను టెక్స్ట్‌లోనే తర్వాతి ఒకట్రెండు వాక్యాల దాకా జరుపుకునే వీలున్న టూల్ తీసుకోండి, నేను డబ్బు కట్టేది ముఖ్యంగా దీనికే. నిడివి కూడా మీరే సెట్ చేసుకోండి. 2024 అక్టోబర్ 15 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌కి 3 నిమిషాల దాకా వీలుంది కాబట్టి, 30 సెకన్లలో కుక్కాలని మాటను మధ్యలో నరకాల్సిన అవసరం లేదు.

మాట లేని చోటు ఈ టూల్స్‌కి కనపడదు. రైతు పారతో మట్టి పెళ్ల తిప్పి వానపాముల్ని చూపిస్తూ కాసేపు మౌనంగా ఉంటాడు, వీడియో మొత్తానికి అదే అసలు సీను. సైలెన్స్ తీసేసే బటన్ ఆన్‌లో ఉంటే అది పూర్తిగా ఎగిరిపోతుంది. ఆఫ్ చేసుకోండి. ఫ్రేమింగ్ కూడా ముఖాన్నే వెంటాడుతుంది, పురుగు తిన్న ఆకు పట్టుకున్న చెయ్యి పక్కకి పోతుంది. చేత్తో ఫ్రేమ్ జరుపుకునే వీలుంటే ఇబ్బంది లేదు.

ఇక క్యాప్షన్లు. ఒక్కో పదం ఎగిరి వచ్చే స్టైల్ ఇంగ్లిష్ కోసం చేసింది. 'వేయాల్సివచ్చిందంటే' లాంటి మాట పెద్ద అక్షరాల్లో ఒక లైనులో పట్టదు, మధ్యలో విరిగి కింద పడుతుంది. కొన్నిటిలో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన విడిగా నిలబడతాయి, 'పత్తి' అని రాస్తే పొల్లు త్, దాని పక్కన ఇంకో తి వచ్చినట్టు. అలా కనపడితే ఆ టూల్‌లో క్యాప్షన్లు ఆపేయండి. క్లిప్ మాత్రం దించుకుని, మీరు ఫోన్‌లో రోజూ వాడే ఎడిటర్‌లో రమాభద్ర, మండలి లాంటి ఫాంట్లు వేసుకుని టైప్ చేసుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, రమాభద్ర లావుగా ఉంటుంది కాబట్టి చిన్న స్క్రీన్ మీద బాగా ఆనుతుంది. యూట్యూబ్‌లో చాలా పాఠాలు క్యాప్‌కట్ అనే ఎడిటింగ్ యాప్‌తో చెప్తారు, అది మన దేశంలో 2020 నుంచీ నిషేధంలో ఉంది, దానిమీద టైం పెట్టకండి.

డబ్బు లెక్క: చాలా టూల్స్ వచ్చిన క్లిప్స్‌కి కాదు, ఎక్కించిన నిమిషాలకి క్రెడిట్లు (ప్లాన్‌తో వచ్చే వాడకం లెక్క) కోస్తాయి. పరిచయం, ప్రకటనలు, చివరి ధన్యవాదాలు ముందే కత్తిరించి పెట్టండి. పెద్దక్షరాల్లో కనపడే నెల ధర చాలాసార్లు ఏడాదికి ఒకేసారి కట్టేవాళ్లకి, అదీ డాలర్లలో. మొదట ఒక నెలకే కట్టండి, ఎక్కువైనా సరే.

ఈ పద్ధతిలో నాకు సగానికి సగం టైం కలిసొస్తోంది, క్లిప్ వెతకడం, నిలువుగా కత్తిరించడం టూల్‌కి వదిలేసి కోత, తెలుగు అక్షరాలు నేనే చూసుకుంటున్నాను. వారానికి రెండు మూడు పెద్ద వీడియోలు వచ్చే ఛానల్‌కి డబ్బు పెట్టొచ్చు అంటాను. నెలకి ఒకటో రెండో చేసేవాళ్లయితే యూట్యూబ్ యాప్‌లోనే మీ పాత వీడియో నుంచి షార్ట్ తీసుకునే వీలుంది, పైసా ఖర్చు లేదు, పైగా అలా తీసిన షార్ట్‌కి అసలు వీడియో లింక్ దానంతట అదే వస్తుంది. ముందు అది వాడి చూడండి.