సముద్రం పాఠానికి గేమా, టబ్బులో నీళ్లా?

సబ్‌నాటికా అనే, సముద్రంలోకి దిగి ఆడే వీడియో గేమ్ పూర్తిగా ఆడేసిన ఒక ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని ఓసారి అడిగాను: "లోతుకు వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తొందరగా అయిపోతుంది కదా, ఎందుకంటావు?" వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గేమ్ కష్టంగా ఉండాలని అలా పెట్టారు టీచర్."

అది ఉత్త గేమ్ రూల్ కాదు. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణమంత, అంటే నీటి పైన గాలి మన మీద వేసేంత పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర పీడనం నీటి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. అక్కడ ఊపిరితిత్తులు నిండాలంటే ప్రతి శ్వాసకూ సిలిండర్‌లోంచి నాలుగు రెట్ల గాలి ఖర్చవుతుంది. గేమ్ ఈ ఖర్చును 100 మీటర్లు దాటాక పెంచుతుంది, అసలు సముద్రం మొదటి 10 మీటర్లలోనే రెట్టింపు చేస్తుంది. తేడా అంతే. అదే గేమ్‌లో 200 మీటర్ల లోతు నుంచి ఒక్క ఊపున పైకొచ్చేసినా మనిషికి ఏమీ కాదు. నిజంగా అలా వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. ఒక నిజం, ఒక అబద్ధం పక్కపక్కనే ఉన్నాయి. వాడు రెంటినీ ఒకే ఖాతాలో వేసుకున్నాడు.

గేమ్‌లతో సముద్రశాస్త్రం వస్తుందా అని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పిల్లవాడే. వస్తుంది. కానీ ఏ గేమ్, ఏ పాఠానికి, దేని బదులు అన్నది తేల్చుకోకుండా గేమ్‌లు మంచివా చెడ్డవా అని వాదించుకోవడం దండగ.

క్విజ్ గేమ్‌ల సంగతి ముందే తేల్చేస్తాను. అవి చేప వేషం వేసుకున్న ప్రశ్నపత్రాలు. ఆక్టోపస్‌కు గుండెలు ఎన్ని? మూడు అని రాసున్న బుడగను పేల్చు, పది పాయింట్లు కొట్టు. పేర్లు, అంకెలు బట్టీ పట్టడానికి, పరీక్ష ముందు రోజు టెన్షన్ తగ్గించుకోవడానికి పర్వాలేదు. అట్టముక్కల మీద ప్రశ్నలు రాసుకుని ఇద్దరు కూర్చున్నా ఆ పని అవుతుంది.

అసలు పోటీ తర్వాతి రకంతో మొదలవుతుంది. ఎండ్‌లెస్ ఓషన్, 2020లో వచ్చిన బియాండ్ బ్లూ లాంటి అన్వేషణ గేమ్‌లు. డైవర్‌గా నీళ్లలోకి దిగుతాం, ఎదురైన జీవిని స్కాన్ చేస్తాం, దాని వివరాలు తెలుస్తాయి. వీటిని పోల్చాల్సింది డాక్యుమెంటరీతో. దృశ్యం నిజాయితీ విషయంలో డాక్యుమెంటరీదే పైచేయి, అక్కడ కనిపించేది అసలు తిమింగలం. పైగా పది నిమిషాల్లో పని అయిపోతుంది. గేమ్‌లో మొదటి అరగంట ఏ బటన్ నొక్కితే ఎటు ఈదుతామో నేర్చుకోవడానికే పోతుంది. అయితే డాక్యుమెంటరీలో ఎటు చూడాలో కెమెరా చెబుతుంది, గేమ్‌లో చూసేవాడే తేల్చుకోవాలి. తను వెతికి పట్టుకున్న జీవి పేరు పిల్లలకు ఎక్కువ రోజులు గుర్తుంటుందని నా అనుభవం. బియాండ్ బ్లూ ఈ రెంటినీ కలిపింది. ఆట ముందుకు సాగేకొద్దీ నిజమైన శాస్త్రవేత్తలు మాట్లాడే చిన్న చిన్న వీడియోలు తెరుచుకుంటాయి. ఈ రకంలో క్లాసుకు ఒకటే ఎంచుకోమంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

కానీ ఈ గేమ్‌లన్నిటికీ తప్పించుకోలేని లోపం ఒకటుంది. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. 200 మీటర్లు దాటితే కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురు ఉండదు, 1,000 మీటర్ల కిందికి సూర్యకాంతి చేరదు. అంటే సముద్రంలో చాలా భాగం చీకటి, చలి. గంటల తరబడి ఈదినా పెద్ద జీవి ఎదురుపడని ఖాళీ. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఆ గేమ్ ఎవరూ ఆడరు. కాబట్టి దూరాలు కుదిస్తారు, జంతువులను గుమికూడుస్తారు, లోతులోనూ రంగులు పూస్తారు. ఎరుపు రంగు మొదటి పది మీటర్లు దిగేసరికే చాలావరకు మాయమవుతుంది. గేమ్‌లో మాత్రం వంద మీటర్ల కింద కూడా చేప మందారంలా మెరుస్తూ ఉంటుంది. అబ్జు అనే గేమ్‌లో అయితే డైవర్‌కు ఊపిరి అయిపోవడమే ఉండదు, ఎప్పుడో అంతరించిన సముద్ర సరీసృపాలు కూడా ఈదుతుంటాయి. కళాఖండంగా నాకది ఎంతో ఇష్టం, పాఠంగా మాత్రం అక్కరకు రాదు. ఆ మాటకొస్తే డాక్యుమెంటరీ కూడా నెలల ఎదురుచూపును కత్తిరించేసి అద్భుతాలను వరసగా పేర్చి చూపిస్తుంది. ఖాళీని ఎవరూ చూపించరు.

ఈ లోపాన్ని వాడుకునే ఉపాయం ఒకటుంది: గేమ్ ఆడించి, అందులో తప్పులు పట్టమనడం. ఎరుపు రంగు ఎక్కడ ఉండకూడదు, ఈ జీవి ఈ లోతులో బతుకుతుందా, పైకి ఇంత వేగంగా రావచ్చా. తప్పు పట్టమంటే పిల్లలకు ఎక్కడలేని హుషారు వస్తుంది. పట్టుకోవడానికి పుస్తకం తెరవక తప్పదు.

ఇక వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ. కళ్లద్దాలు పెట్టుకుంటే సముద్రం అడుగున నిలబడినట్టే ఉంటుంది, కాబట్టి ఇదే అన్నిటికంటే గొప్పదని చాలామంది అనుకుంటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు సముద్రపు నీటి ఆమ్లత పెరగడం మీద ఒక వీఆర్ అనుభవం తయారుచేశారు. ఇటలీలోని ఇస్కియా ద్వీపం దగ్గర సముద్రం అడుగు నుంచి సహజంగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పైకి వస్తుంటాయి. ఆ చోటును చూపించి రేపటి సముద్రం ఎలా ఉంటుందో చెబుతారు. 2018లో వాళ్లు ప్రచురించిన పరిశోధనలో అది వాడినవాళ్ల అవగాహన పెరిగింది, ఆ దృశ్యంలో ఎంత ఎక్కువగా తిరిగి చూస్తే అంత ఎక్కువ నేర్చుకున్నారు కూడా. దీని పక్కనే ఇంకో ఫలితం పెట్టి చూడాలి. ఒకే సైన్స్ ల్యాబ్ సిమ్యులేషన్‌ను కంప్యూటర్ తెర మీద, వీఆర్‌లో విద్యార్థులకు ఇచ్చి మక్రాన్‌స్కీ, మేయర్ అనే పరిశోధకుల బృందం పోల్చింది. వీఆర్‌లో అక్కడే ఉన్నామన్న అనుభూతి పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది. 2019 నాటి మాట ఇది. సముద్రంతో దానికి సంబంధం లేదు, కానీ కళ్లు విప్పార్చి చూడటమూ అర్థం చేసుకోవడమూ ఒకటి కాదని క్లాసులో ఎవరైనా గమనించే ఉంటారు.

గేమ్‌ల మొత్తం లెక్క చెప్పాలంటే, 2013లో వౌటర్స్ బృందం అప్పటికి జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూసింది. మామూలు బోధనతో పోలిస్తే గేమ్‌లతో నేర్చుకోవడం కొంత మెరుగ్గానే ఉంది. గుర్తుండటం కూడా. మెరుగు చిన్నదే, కానీ ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది వేరే విషయం: ఆసక్తి పెరిగిందని మాత్రం గట్టిగా తేలలేదు. గేమ్ అంటే పిల్లలకు ఇష్టం కాబట్టి నేర్చేసుకుంటారు అనే వాదన నిలబడలేదన్నమాట. ఆలోచిస్తే సబబే. వాళ్లకు ఇష్టమైనది వాళ్లు ఎంచుకున్న గేమ్, టీచర్ పెట్టిన గేమ్ హోంవర్క్‌కు కజిన్. అదే పరిశోధనలో మరో మూడు సంగతులున్నాయి. గేమ్‌కు తోడు వేరే బోధన ఉన్నప్పుడు, ఒక్కసారి కాక పలుమార్లు ఆడినప్పుడు, గుంపుగా ఆడినప్పుడు ఫలితం ఇంకా బాగుంది.

ఆ మూడూ కుదిరే గేమ్ నాకు తెలిసి ఒకటుంది. చూడటానికి అందం ఏమీ లేనిది. పేరు ఫిష్‌బ్యాంక్స్. డెనిస్ మెడోస్ తయారుచేసిన ఆట, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్ల వెబ్ వెర్షన్ కూడా ఉంది. ఒక్కో జట్టు ఒక్కో చేపల వేట కంపెనీ. ప్రతి రౌండూ ఒక సంవత్సరం. ఎన్ని పడవలు కొనాలి, తీరం దగ్గరకు ఎన్ని పంపాలి, లోతు సముద్రానికి ఎన్ని, రేవులో ఎన్ని ఆపాలి, తేల్చుకోవాల్సింది ఇంతే. తెర మీద పట్టికలు, అంకెలు. ఒక్క చేప బొమ్మ ముచ్చటగా ఉండదు.

మొదటి మూడు నాలుగు రౌండ్లు పండగే. పడవలు పెరుగుతాయి, డబ్బు పెరుగుతుంది, ఒకరి మీద ఒకరు పోటీ. నేను ఆడించినప్పుడు ఆరో రౌండ్‌లో ఒక అమ్మాయి లేచి నిలబడి, "పడవలు పోయినేడు ఉన్నన్నే ఉన్నాయి, చేపలు సగమే పడ్డాయి, కంప్యూటర్ మోసం చేస్తోంది" అంది. పక్క జట్టు వాళ్లవీ సగమేనని తెలిశాక గదిలో సద్దు అణిగింది. అప్పటికే సముద్రం ఖాళీ. పడవలు ఆపుదామని ఒక జట్టు అంటే, మీరు ఆపండి ముందు అని ఇంకో జట్టు.

అప్పుడు న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కథ చెప్పాను. వందల ఏళ్లు పట్టుకున్నా తరగదనుకున్న ఆ చేప తరిగిపోయి, 1992లో కెనడా ప్రభుత్వం వేట ఆపేసింది. దాదాపు 30,000 మందికి పని పోయింది. మిగిలిన చేపలు గుంపుగా ఒకచోట చేరడంతో, నిల్వ పడిపోతున్నా వలలు మాత్రం చాన్నాళ్లు నిండుగానే వచ్చాయి. పాఠ్యపుస్తకంలో ఇది "అతిగా వేటాడటం వల్ల మత్స్య సంపద తగ్గుతుంది" అనే ఒక్క వాక్యం. ఎవరూ కాదనరు, ఎవరికీ అంటదు. ఆటలో మాత్రం అది వాళ్లు చేసిన పని. తెలివితక్కువ వాళ్లో, దుర్మార్గులో చేశారని ఇక అనలేరు. నిర్ణయానికీ ఫలితానికీ మధ్య ఏళ్ల దూరం ఉండే విషయాలను పుస్తకం గానీ వీడియో గానీ ప్రయోగం గానీ ఇలా చూపించలేవు. ఇక్కడ గేమ్‌కు ఎదురులేదు.

నాసా వాళ్ల నీమో-నెట్ ఇంకో దారిలో వెళ్లింది. పగడపు దిబ్బల త్రీడీ చిత్రాల మీద ఏది పగడమో, ఏ రకమో ఆడేవాళ్లు రంగులు వేసి గుర్తిస్తారు. ఆ గుర్తులతో పగడాలను పోల్చుకోవడం కంప్యూటర్‌కు నేర్పుతారు. నేర్పేది చిన్న విషయమే. కానీ మన పని ఎవరికో ఉపయోగపడుతోందని తెలిస్తే పిల్లలు కూర్చునే తీరే మారుతుంది.

ఇంతా చెప్పి, సముద్ర ప్రవాహాల పాఠానికి మాత్రం నేను ఏ గేమ్‌నూ ముట్టుకోను. గేమ్‌లో ప్రవాహమంటే మనల్ని పక్కకు తోసే బాణం గుర్తు. అది ఎందుకు పుట్టిందో చెప్పదు. ఒక గాజు టబ్బు తీసుకోండి. మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టి, ఒకవైపు గోరువెచ్చని మంచినీళ్లు ఎర్ర రంగు కలిపి, రెండోవైపు చల్లని ఉప్పునీళ్లు నీలం రంగు కలిపి పోయండి. అట్ట మెల్లగా పైకి లాగండి. నీలం అడుగున నాలుకలా సాగుతుంది, ఎరుపు దాని మీదుగా ఎదురొస్తుంది, నిమిషంలో రెండు పొరలు. చల్లగా, ఉప్పగా ఉన్న నీరు బరువెక్కి మునుగుతుందని ఇక నోటితో చెప్పక్కర్లేదు. మహాసముద్రాల లోతు ప్రవాహాలు కదిలేది ఇలాగే, ఒక చుట్టు రావడానికి వెయ్యేళ్ల వరకూ పడుతుంది. ఖర్చు లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, గేమ్ హ్యాంగ్ అయ్యే భయం లేదు.

అయితే చేత్తో చేసిందల్లా నిజం చెబుతుందనుకోవద్దు. వినెగర్‌లో గుడ్డు పెంకు కరిగించి, రేపు సముద్రంలో పగడాలకు జరిగేది ఇదే అని చెప్పే ప్రయోగం చాలాచోట్ల చేయిస్తారు. పీహెచ్ అంటే ఆమ్లత కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. వినెగర్ పీహెచ్ రెండున్నర దగ్గర ఉంటుంది. సముద్రపు నీటిది పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2 దగ్గర ఉండి ఇప్పుడు 8.1 దగ్గరికి వచ్చింది. ఆ చిన్న తేడాతోనే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి, అసలు ప్రమాదం అదే. కానీ నీరు ఇంకా క్షారమే. గుడ్డు కరగడం చూసిన పిల్లలు సముద్రం యాసిడ్ అయిపోయిందనుకుని ఇంటికి వెళ్తారు. సబ్‌నాటికా పిల్లవాడి అపార్థానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఏది పనిచేసిందో కొలిచే చోటా జాగ్రత్త కావాలి. గేమ్ ఆడినవాళ్లను ఏమీ చేయనివాళ్లతో పోల్చి గేమ్ గెలిచిందనడం అన్యాయం. అదే సమయం ఇంకో పద్ధతిలో గడిపినవాళ్లతో పోల్చాలి. ఆట అయిన వెంటనే గేమ్‌లోని ప్రశ్నలే అడిగితే ఎవరైనా చెబుతారు. నేను చేసేది ఇది: పాఠానికి ముందు తెల్లకాగితం ఇచ్చి సముద్రాన్ని పై నుంచి అడుగు దాకా అడ్డంగా కోసినట్టు గీయమంటాను. మూడు వారాలకు మళ్లీ గీయిస్తాను. మొదటి బొమ్మలో పైనుంచి కింది దాకా ఒకటే నీలం, అడుగున నక్షత్ర చేప. రెండో బొమ్మలో చీకటి ఎక్కడ మొదలైంది, పొరలు వచ్చాయా, మనిషి ఎక్కడైనా ఉన్నాడా. అన్వేషణ గేమ్ ఒక్కటే ఆడినవాళ్ల బొమ్మల్లో జంతువులు పెరుగుతాయి, చీకటి రాదు. టబ్బు చూసినవాళ్లు గీతలతో పొరలు వేస్తారు, జంతువులను మర్చిపోతారు.

కాబట్టి ఒకే ఒక్క పీరియడ్ దొరికితే టబ్బు. వరసగా రెండు దొరికితే ఫిష్‌బ్యాంక్స్. అన్వేషణ గేమ్‌లు ఇంట్లో, తప్పులు పట్టే కాగితం చేతికిచ్చి. ఫిష్‌బ్యాంక్స్‌కు రెండని ఎందుకంటున్నానంటే, ఓసారి ఒక్క పీరియడ్‌లోనే ముగించబోయాను. చేపలు అయిపోయిన రౌండ్‌లో గంట కొట్టారు, మాట్లాడుకోవడానికి టైమ్ లేకపోయింది. మర్నాడు నిన్నటి ఆటలో ఏం తెలిసిందని అడిగితే, వెనక బెంచీ నుంచి వెంటనే జవాబొచ్చింది: "ముందే ఎక్కువ పడవలు కొన్నవాళ్లు గెలుస్తారు టీచర్."