ఇంటర్వ్యూ మధ్యలో లేచి రావడమా, పూర్తయ్యాక వద్దనడమా: ఏది మేలు?

ఇంటర్వ్యూ సగంలో ఉండగానే ఆ ఉద్యోగం తనకు సరిపడదని తేలిపోయిన అభ్యర్థి ముందు మూడు దారులుంటాయి: అప్పటికప్పుడు లేచి వచ్చేయడం, కారణం చెప్పి మర్యాదగా అక్కడితో ఆపించడం, చివరిదాకా కూర్చుని ఆ తర్వాత మెయిల్‌లో వద్దనడం. ఎక్కువ మంది మూడోదానికే మొగ్గుతారు. చాలాసార్లు అందుకు కారణం ఆలోచన కాదు, మొహమాటం.

లేచి వచ్చేయవలసిన సందర్భాలు తక్కువే గానీ, వచ్చినప్పుడు తటపటాయించనక్కర్లేదు. శిక్షణకనో డిపాజిట్ అనో డబ్బు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచి వెళ్లమన్నా అక్కడ మరొక ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పని లేదు. పని వెతుక్కునేవారి నుంచి ప్రైవేటు నియామక సంస్థలు రుసుము తీసుకోరాదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒడంబడికలోని సాధారణ నియమం. వేధింపుల విషయంలోనూ అంతే. 2019 నాటి 190వ ఒడంబడిక ఉద్యోగులతో పాటు దరఖాస్తుదారులను కూడా తన రక్షణ పరిధిలోకి తెచ్చింది. రూపం మీద వ్యాఖ్యలు చేసి, ఒత్తిడిని తట్టుకోగలరో లేదో చూశామని తర్వాత సర్దిచెప్పినంత మాత్రాన అది పరీక్ష అయిపోదు.

అసలు చిక్కంతా మధ్యరకం సందర్భాలతోనే. ప్రకటనలో డేటా విశ్లేషణ అని ఉండి, గదిలో అడిగేవన్నీ ఫోన్‌లో అమ్మకాల గురించే అయి, జీతంలో సగం కమీషన్ రూపంలో వస్తుందని నసుగుతూ చెప్పారనుకుందాం. అప్పుడు లేవడానికి ముందు, “ఈ ఉద్యోగంలో చేరినవారు మొదటి మూడు నెలలు రోజూ ఏ పని చేస్తారండీ?” అని ఒక్క ప్రశ్న అడగడం మేలు. సూటిగా జవాబు వస్తే పొరపాటు ప్రకటన రాసినవారిది కావచ్చు. జవాబు దాటవేస్తే, “నేను దరఖాస్తు చేసింది ఈ పనికి కాదండీ, ఇక్కడితో ఆపేద్దాం” అని చెప్పి రావచ్చు. దీనికి అర నిమిషం కూడా పట్టదు. పెళ్లి, పిల్లల గురించి అడిగినప్పుడు కూడా, దానికీ పనికీ సంబంధమేమిటని తిరిగి అడిగితే ఎదుటివారి తీరు బయటపడుతుంది. అలా అడిగిన వ్యక్తే రేపటి పైఅధికారి అయితే ఆగి లాభం లేదు. బోర్డులో ఒకరు మాత్రమే అయితే, మిగిలినవారు వారిస్తారా, నవ్వి ఊరుకుంటారా అన్నది చూడడానికైనా కాసేపు కూర్చోవచ్చు.

అసంతృప్తి జీతం గురించో పనివేళల గురించో అయితే చివరిదాకా ఉండడమే నయం, ఎందుకంటే గదిలో చెప్పిన మొత్తమే ఆఖరిది కాకపోవచ్చు. చేతికొచ్చిన ఆఫర్‌ను ఎప్పుడైనా వద్దనవచ్చు, లేచి వచ్చేసిన గదిలోకి మాత్రం తిరిగి వెళ్లడం కష్టం. ఉద్యోగం అత్యవసరమైనవారికి ఈ తేడా మరింత ముఖ్యం.

ఇక వీడియో ఇంటర్వ్యూలో నెట్ పోయిందన్నట్టు ఆపేయడం ఈ మూడింటిలో దేని కిందకూ రాదు. వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు, వద్దన్న మాట అప్పుడైనా నోటితో చెప్పక తప్పదు.