టీవీ ముందా, పటం ముందా?

2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడులో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండచరియలు విరుచుకుపడ్డాయి. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా ఎనిమిదేళ్ల మనవరాలికి ఆ కబురు రెండు దారుల్లో చేరింది.

మొదటిది టీవీ. పిల్లలకు తెలియకుండా దాచడం కంటే మేలే, ఒప్పుకుంటాను. కానీ అదే బురద, అదే ఏడుపు మళ్లీ మళ్లీ. మూడోసారికి, "ఇంకో కొండ పడిందా తాతయ్యా?" అంది. పాత దృశ్యమేనని ఆ వయసుకు ఎలా తెలుస్తుంది? రాత్రి ఉలిక్కిపడి లేచింది. మిగిలింది భయమే, జాలికి చోటెక్కడ!

రెండోది దేశ పటం. టీవీ కట్టేసి, మా ఊరి నుంచి వయనాడు దాకా వేలు పట్టి నడిపించాను.

"మన మహేంద్రగిరి కూడా జారుతుందా?"

జారదని అనేస్తే సులువే, కానీ మనసొప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు మన గజపతి జిల్లాలోనే కొండచరియలు పడి మనుషులు పోయారని చెప్పాను. మట్టి నీరు తాగి, బరువెక్కి ఎలా జారుతుందో తడి ఇసుకతో చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడి పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారు?" అంది. టీవీ ముందు ఎంతసేపు కూర్చున్నా రాని ప్రశ్న అది.

పటానికీ ఓ లోపముంది: పెద్దవాళ్లకు ఓపిక కావాలి. మా ఇంట్లో అది రోజూ దొరకదు.

తను డబ్బులు దాచుకునే ముంత పగలగొడితే 140 రూపాయలు తేలాయి. కేరళ ముఖ్యమంత్రి సహాయ నిధికి 200 చేసి పంపాలట, మిగతాది నన్ను వెయ్యమంది.