టెలీ మానస్ 14416: తోటి పిల్లల వేధింపులకు గురైన మా పాపకు అందిన సాయం

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయిని స్కూలు బస్సులో కొందరు పిల్లలు ‘సోడాబుడ్డి’ అని ఏడిపిస్తూ, కళ్లద్దాలు లాక్కుని వెనక సీట్లలోకి విసురుతున్నారని తెలిసిన రాత్రే మేము మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలీ మానస్‌కు ఫోన్ చేశాము. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా అందుతుంది; 14416కు ఫోన్ చేసి భాష ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాతో మాట్లాడిన కౌన్సెలర్ ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆమె వెంటనే సలహాలకు దిగకుండా, పాప సరిగా తింటోందా, నిద్రపోతోందా, బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటోందా, బతకాలని లేదన్నట్టు ఎప్పుడైనా మాట్లాడిందా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని మాత్రం అడగకండమ్మా, తప్పు తనదేననుకుంటుంది” అన్నారు. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి గొడవ పడవద్దని, ఏ రోజు ఎవరు ఏమన్నారో, ఏం చేశారో పాప మాటల్లోనే రాసి ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలని చెప్పారు. తర్వాత పాపతో మాట్లాడినప్పుడు, తిరిగి కొట్టమని గానీ పట్టించుకోవద్దని గానీ అనకుండా, బస్సులో ఎవరి పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉంటుందని అడిగారు. ఆయమ్మ పక్కన అని పాపే చెప్పింది. ఉపాయం పిల్ల నోటి నుంచే వచ్చేలా చేసిన ఆ తీరు నాకు అన్నింటికంటే నచ్చింది. మేమిచ్చిన కాగితం చూశాక బడివారు బస్సులో సీట్లు మార్చారు, ఆ పిల్లల తల్లిదండ్రులను పిలిపించి మాట్లాడారు.

అయితే ఇది మనసుకు ఆసరా ఇచ్చే సేవ మాత్రమే. బడి మీద చర్య తీసుకోవడం దీని పని కాదు. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరకు దారి చూపుతారు. దెబ్బలు తగిలినా, లైంగిక వేధింపు జరిగినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయాలి. హేళన చేసేది టీచరే అయితే, పిల్లలను మానసికంగా వేధించడాన్ని కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిందని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

ఫోన్ చేసేవారు ముందు తాము విడిగా మాట్లాడి, బిడ్డ ఇష్టపడితేనే ఫోన్ చేతికి ఇవ్వడం మంచిది.