మాగ్నెట్ పాలెట్ బాగానే ఉంది, దాని షీటు సంగతే చెప్పాలి

ఐషాడోలని, అంటే కంటిరెప్పల మీద వేసే రంగుల్ని, మనకి కావాల్సినట్టు సర్దుకునే ఖాళీ మాగ్నెట్ పాలెట్ అమ్మేవాళ్ళు మూత గురించి పేజీలు రాస్తారు. పైన పారదర్శకంగా ఉందనీ, లోపల అద్దం ఉందనీ, అట్ట గట్టిదనీ. అడుగున పరిచిన నల్లటి మాగ్నెట్ షీటు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. చాన్నాళ్ళు వాడాక నాకు ఆ డబ్బాలో మాట్లాడాల్సిన వస్తువు అదొక్కటే అనిపిస్తోంది.

డబ్బాల్లోంచి ఐషాడోలు పీకడం ఎలాగో చాలామంది చూపించారు కాబట్టి అక్కడ ఆగను. ప్లాస్టిక్ డబ్బా అయితే జుట్టు స్ట్రెయిట్‌నర్ మీద అడుగు వేడిచేసి, జిగురు మెత్తబడ్డాక పాన్, అంటే రంగు పొడి ఉండే చిన్న రేకు గిన్నె, లేపాలి. అట్ట పాలెట్ అయితే పాన్ అంచుల్లో నాలుగు చుక్కలు స్పిరిట్ పోసి, కాసేపాగి సన్నని రేకుతో కదపాలి. కిటికీలు తెరిచి చెయ్యండి. మా ఇంట్లో ఆ కాలిన ప్లాస్టిక్ వాసనకి మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి స్విచ్చిబోర్డులన్నీ వాసన చూసి వెళ్ళారు.

పీకినందుకు ఫలితం మాత్రం దక్కింది. కంపెనీ పేర్చిన వరసకీ మనం వాడే తీరుకీ పొంతన ఉండదు. తొమ్మిది రంగుల పాలెట్లో వేలు పెట్టేవి మూడు, తక్కినవి చూసుకుని మురిసిపోవడానికి. అలా అన్ని పాలెట్లలోంచీ వాడేవాటిని విడదీసి, పట్టుచీరల మీదకి నప్పే రాగి, పాత బంగారం, వంకాయ రంగులు ఒక డబ్బాలో, ఆఫీసుకి వేసుకునే మట్టిరంగులు ఇంకోదాంట్లో సర్దాక పొద్దున్నపూట వెతుకులాట పోయింది. మట్టిరంగులన్నీ పక్కపక్కన చేరాక బయటపడిన నిజం ఏంటంటే, కంపెనీలు వేరు, పేర్లు వేరు, రెప్ప మీద రంగు ఒకటే. ఆ తర్వాత గోధుమరంగు షాడో కొనలేదు. దాదాపుగా కొనలేదు.

ఇక షీటు. మ్యాక్ అనే మేకప్ కంపెనీ గుండ్రటి పాన్ వ్యాసం 26 మిల్లీమీటర్లు. చాలా ఖాళీ పాలెట్లలో గుంటలు ఆ కొలతకే ఉంటాయి. నా దగ్గరున్నవి అన్ని సైజులూ, అన్ని ఆకారాలూ. చతురస్రాలు, కోలవి, అరచేతిలో సగం ఉండే పెద్ద హైలైటర్లు, అంటే చెంపల మెరుపుకి వేసేవి. అందుకే గుంటల్లేని బల్లపరుపు పాలెట్ తీసుకున్నాను. నాలుగైదు వందల్లో వచ్చింది, పేరున్న కంపెనీది కాదు. గుంట ఉంటే పాన్ పక్కకి జరగడానికి చోటుండదు, ఇందులో ఆ ఆసరా లేదు, పట్టుకునేది మాగ్నెట్ ఒక్కటే.

ఆ పట్టు ఎంత సున్నితమైందో వాడితేనే తెలుస్తుంది. ఇది రబ్బరులాంటి పదార్థంలో ఫెర్రైట్ పొడి కలిపి చేసిన షీటు. బలం ఉపరితలం మీదే ఉంటుంది. మధ్యలో కాస్త ఎడం వచ్చినా పట్టు బాగా తగ్గిపోతుంది. పాన్ అడుగున పాత జిగురు ముద్ద మిగిలిందా, సగం పట్టు పోయినట్టే. పైగా అన్ని పాన్లూ ఇనుప రేకువి కావు. కొన్ని అల్యూమినియం, వాటికి మాగ్నెట్టే అంటదు. ఫ్రిజ్ మీదున్న మాగ్నెట్ బొమ్మ తెచ్చి అడుగున పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అంటకపోతే పల్చటి ఇనుప బిళ్ళల స్టిక్కర్లు దొరుకుతాయి, అవి అతికించాలి.

మొదట్లో నేను ప్రతి పాన్ అడుగునా రంగు పేరు, గడువు తేదీ కాగితం మీద రాసి అంటించి, ఆ పద్ధతి భలే ఉందని మా వాళ్ళందరికీ చెప్పాను. పద్ధతి ఇప్పటికీ మంచిదే. అసలు డబ్బా పారేశాక మూత తెరిచిన సీసా బొమ్మలో 24ఎం అని, అంటే తెరిచాక 24 నెలలు అని, ఉండే గుర్తు కూడా పోతుంది కదా, ఎక్కడో ఒకచోట రాసుకోవాల్సిందే. కాకపోతే ఆ కాగితం మందం కూడా ఎడమే. ఇప్పుడు పాన్ అడుగున పర్మనెంట్ మార్కర్‌తో నేరుగా రాస్తున్నాను. స్పిరిట్ తగిలితే అదీ చెరిగిపోతుంది, ఆ గొడవ వేరు.

అసలు కథ మే నెలలో జరిగింది. రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్ళి. రాత్రి ముహూర్తం, కళ్ళ మేకప్ నాది. మధ్యాహ్నం విజయవాడ నుంచి వెళ్ళి, సామాను దింపేవాళ్ళు ఖాళీ అయ్యేదాకా కారు మండపం బయట ఎండలోనే ఉంది. నా పెట్టె డిక్కీలో. ఎండలో పెడితే అంతే అని మీరనచ్చు. మన దగ్గర మే నెల పెళ్ళంటే సామాను ఎండలో ఉన్న కారులోనే ఉంటుంది. దానికి తట్టుకోని పెట్టెని పెళ్ళి మేకప్‌కి పనికొస్తుందని అమ్మకూడదు.

సాయంత్రం పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి పాలెట్ తెరిచాను. షీటు అడుగునుంచి ఊడి, వేగిన అప్పడంలా పైకి లేచి ఉంది. పాన్లు దానికి అంటుకునే ఉన్నాయి పాపం. షీటు లేవడంతో అవన్నీ మూతకి కొట్టుకున్నాయి. మ్యాట్ రంగులు, అంటే మెరుపు లేనివి, అంచులు రాలి బతికాయి. మెరుపు రంగులు, అంటే ఆ రోజుకి కావాల్సినవే, పొడి పొడి. మూత లోపలంతా బంగారు దుమ్ము.

"అక్కా, అదంతా నా కళ్ళకేనా?" అంది పెళ్ళికూతురు.

"ఏమేవ్, తొమ్మిదింటికల్లా కిందికి తీసుకురావాలి, గుర్తుందా?" అని గుమ్మంలోంచి పిన్ని.

చదును బ్రష్ మీద మేకప్ చెదరకుండా కొట్టే సెట్టింగ్ స్ప్రే రెండు సార్లు కొట్టి, ఆ తడితో మూతకంటిన పొడినే ఎత్తి రెప్ప మధ్యలో అద్దాను. ఇదొక్కటి నేను ఊహించనిది: పాన్‌లో ఉన్నప్పుడు ఎన్నడూ ఇవ్వని మెరుపు ఇచ్చింది. చెంపల మీద రాలిన పొడి తుడవడానికే ఎక్కువ సేపు పట్టింది. ఫొటోల్లో కళ్ళు చాలా బాగా వచ్చాయి. ఆ పాలెట్‌కి మాత్రం అందులో మార్కులెయ్యను.

ఇంటికొచ్చాక చూస్తే మాగ్నెట్ బలం ఏమీ తగ్గలేదు. కరిగింది దాన్ని అట్టకి అంటించిన జిగురు. అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపితే "వాడిన వస్తువు వెనక్కి తీసుకోం" అన్నారు. స్ట్రెయిట్‌నర్ వేడికి మెత్తబడే రకం జిగురునే ఆ షీటుకీ వాడారని నా అనుమానం. పీకేటప్పుడు మనకి పనికొచ్చే గుణం అంటించేటప్పుడు పనికిరాదు.

కారు నేర్పేవాళ్ళు తలుపు మీద తగిలించే ఎల్ బోర్డు ఉంటుంది చూడండి, ఆ షీటు ఫ్లెక్సీ షాపులో ముక్కలుగా దొరికింది. పాతది పీకేసి, అట్ట గీకి, కొత్తది అరాల్డైట్‌తో అంటించాను. అంటించే ముందు ఒక పాన్ తెచ్చి రెండు వైపులా పెట్టి చూడండి, ఒక వైపే పట్టు గట్టిగా ఉంటుంది. అది పైకి రావాలి. తర్వాత వచ్చిన ఎండాకాలంలో కారులో ఉన్నా కదల్లేదు.

రాలిన పొడుల్ని స్పిరిట్‌తో ముద్ద చేసి, మీద టిష్యూ వేసి, ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ళతో అదిమాను. పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు, పాన్లో దిగదు. మ్యాట్‌లు కొత్తవాటిలాగే వచ్చాయి. మెరుపు రంగులు కాస్త గట్టిపడ్డాయి, వేలితో రావు, తడి బ్రష్ కావాల్సిందే. పెళ్ళినాటి మెరుపు మళ్ళీ రాలేదు.

మళ్ళీ కొంటానా? నేను నెలకో రెండు నెలలకో ఎవరో ఒకరి పెళ్ళికి పెట్టె మోసే మనిషిని, ఉండేది విజయవాడలో, షాడోలు అవసరానికి మించి ఉన్నాయి. కాబట్టి డబ్బా కొంటాను, షీటు నేనే వేసుకుంటాను. పాలెట్ డ్రస్సింగ్ టేబుల్ దాటని వాళ్ళకి, ఏసీ గదిలో ఉండేవాళ్ళకి వచ్చిన షీటే సరిపోవచ్చు. రెండు పాలెట్లు మాత్రమే ఉన్నవాళ్ళు ఈ పని పెట్టుకోవడం దండగ. పైగా పీకాక ఎవరికైనా ఇచ్చెయ్యాలన్నా కుదరదు, పేరూ పెట్టే లేని పొడిని ఎవరు తీసుకుంటారు? క్రీమ్ షాడోలు మాత్రం వాటి డబ్బాల్లోనే ఉంచేశాను. స్ట్రెయిట్‌నర్ వేడికి అవి ఏమవుతాయో చూడాలన్న సరదా నాకు లేదు.