తెల్ల సొరను బోనులోంచి చూడాలంటే: పోర్ట్ లింకన్ ఒకరోజు ట్రిప్పు

పాత వీడియోలు చూసి దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయ్‌కి టికెట్లు కొనేవాళ్లు ఇంకా ఉన్నారు. తెల్ల సొర కోసమే అయితే వద్దు. 2017లో అక్కడ కాలేయం లేని తెల్ల సొరల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ వేట పోర్ట్, స్టార్‌బోర్డ్ (నావికుల భాషలో ఎడమ, కుడి) అని పేర్లు పెట్టిన రెండు ఓర్కాలది, అంటే కిల్లర్ వేల్స్‌ది. వీపు మీది రెక్క ఒకదానికి ఎడమకు, రెండోదానికి కుడికి వాలి ఉంటుంది కాబట్టి ఆ పేర్లు. అప్పట్నుంచి ఆ నీళ్లలో తెల్ల సొరలు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు బోను ముందుకు ఎక్కువగా వచ్చేవి రాగిరంగు సొరలు. అవీ చక్కనివే, కానీ అంత దూరం వెళ్లేది వాటికోసం కాదు కదా. మెక్సికోలోని గ్వాడలూపె దగ్గరైతే 2023 జనవరిలో బోను డైవింగునే ఆపేశారు.

మా ఓటు దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్‌కి. అడిలైడ్‌లో ఉండే మనవాళ్లకు విమానంలో గంట ప్రయాణం, కారులో దాదాపు 650 కి.మీ. రేవు నుంచి నెప్ట్యూన్ దీవులకు బోటులో సుమారు మూడు గంటలు. అక్కడి ఫర్ సీళ్లే (ఒంటినిండా బొచ్చున్న సముద్ర జంతువులు) సొరలకు అసలు ఆకర్షణ. పెద్ద ఆడ సొరలు రావడానికి మే నుంచి ఆగస్టు వరకు మంచి అదును. అయితే ఆ నెలల్లో అలలూ పెద్దవే, చలీ గట్టిదే. మిగతా కాలంలో కనబడేవి ఎక్కువగా మగవి.

ఈ రోజును పాడుచేసేది సొర కాదు, కడుపు. బోటు నడుస్తున్నంతసేపూ ఫరవాలేదు. లంగరు వేశాక అటూఇటూ ఊగడం మొదలవుతుంది, పైగా ఎర కోసం పోసే చేపనూనె వాసన. వాంతుల మాత్ర రాత్రి ఒకటి, బోటెక్కే గంట ముందు ఇంకొకటి వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత అన్నది డాక్టరునే అడగండి. వికారం మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. పొద్దున్నే నూనె వస్తువులు, పాలు వద్దు, పొడి బ్రెడ్డు చాలు. గదిలో కూర్చోకుండా డీజిల్ పొగ తగలని చోట, బోటు మధ్యలో నిలబడి దిగంతాన్నే చూడండి.

డైవింగ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. బోను నీటి పైభాగంలోనే బోటుకు కట్టి ఉంటుంది, పైనుంచి గొట్టం ద్వారా గాలి వస్తుంది. మందపాటి వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు దుస్తులు), టోపీ, బూట్లు, సీసం బరువులు వాళ్లే ఇస్తారు. బరువు తక్కువైతే తేలిపోతారు, కాళ్లు కమ్మీల మధ్య నుంచి బయటకు జారతాయి. ఇంకొంచెం బరువు అడగడానికి మొహమాటపడకండి. మీసం ఉన్నవాళ్లకు మాస్కులోకి నీళ్లు కారతాయి, మీసానికి కాస్త వాజలిన్ రాస్తే ఆగుతాయి. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రుద్ది కడగాలి. చన్నీళ్లు మొహానికి తగలగానే ఊపిరి ఎగబీలుస్తుంది. కమ్మీ పట్టుకుని నెమ్మదిగా నాలుగైదుసార్లు గాలి వదిలితే సర్దుకుంటుంది.

లోపలికి దిగినవాళ్లంతా తాడుకు కట్టిన ట్యూనా ముక్కనే చూస్తూ ఉంటారు. సొర మాత్రం చాలాసార్లు అడుగు నుంచో, వెనక నుంచో వస్తుంది. వీపు ముదురు బూడిదరంగు కావడంతో పైనుంచి చూస్తే చివరిదాకా ఆనదు. అందుకే కిందకీ, వెనక్కీ చూస్తూ ఉండండి. చేతులు లోపలి కమ్మీ మీదే ఉండాలి. పొత్తికడుపు వెనక జత అవయవాలు వేలాడుతుంటే అది మగది. కెమెరాకు జూమ్ వద్దు, వైడ్ లెన్సు పెట్టి మణికట్టుకు తాడు కట్టుకోండి. సొర దగ్గరికి వచ్చినప్పుడు స్క్రీను వదిలేసి దాని కన్ను చూడండి. నల్లగా కనబడే ఆ కన్ను నిజానికి ముదురు నీలం.

సముద్రపు అడుగున దించే బోను కావాలంటే రోడ్నీ ఫాక్స్ సంస్థ నడిపే కొన్ని రోజుల ట్రిప్పు ఉంది, దానికి డైవింగ్ సర్టిఫికెట్ గురించి ముందే అడగాలి. 1963లో సొర దాడిలో చావు తప్పించుకుని, ఆ తర్వాత బోను డైవింగుకు దారి వేసినవాడు ఆ ఫాక్సే.

ఏ బోటయినా బుక్ చేసేముందు రెండు అడగండి: సొర కనబడకపోతే డబ్బు వాపసా, మరో ట్రిప్పా? వాతావరణం వల్ల రద్దయితే మరుసటి రోజు చోటు ఉంటుందా? తిరుగు విమానం మాత్రం ఒకరోజు ఖాళీ వదిలి తీసుకోండి, గాలి తిరిగితే బోటు రేవు దాటదు.