విండోస్‌లో పాత ప్రోటోకాల్స్ ఆఫ్ చేసే సెట్టింగ్స్: 3.5/5
నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతి ఎస్ఎంబీ1 తీసేయడం చాలా ఈజీ అండి, కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ ఓపెన్ చేసి టిక్ తీసి రీస్టార్ట్ కొడితే అయిపోతుంది, 2017 మేలో ఫైళ్ళు లాక్ చేసి డబ్బులడిగే వనాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది ఇందులో లోపం పట్టుకునే కదా, ప్యాచ్ మార్చిలోనే వచ్చినా చాలామంది వేసుకోలేదు. దీనికి ఫుల్ మార్కులు.

కానీ లోకల్ నెట్‌వర్క్‌లో పేరు చెప్పి ఆ కంప్యూటర్ అడ్రస్ అడిగే ఎల్ఎల్ఎంఎన్ఆర్ ఆపాలంటే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లోకి వెళ్ళాలి, హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటరే లేదు, అక్కడ రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్ ఉండే చోటు) మార్చాలి, అలాంటి పనే చేసే ఇంకా పాత నెట్‌బయోస్ అయితే ఒక్కో నెట్‌వర్క్ అడాప్టర్‌కి విడిగా విన్స్ ట్యాబ్‌లో ఆపాలి, మామూలు యూజర్‌కి ఇది అన్యాయం. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాడు ఈ రెండిటికీ దొంగ జవాబిచ్చి పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి తయారైన కోడ్) లాగేయొచ్చు, అందుకే కష్టమైనా చేయండి. పాత స్కానర్లు కొన్నిటికి ఎస్ఎంబీ1 తప్ప రాదు, ముందు వాటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసుకోండి.